అరచేతుల సాక్ష్యం

మనిషి నిజంగా పడితే ఎలా పడతాడు, దొంగగా పడితే ఎలా పడతాడు? ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నంతగా మరే ప్రశ్నా పట్టుకోలేదు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది కూడా దీని తర్వాతే. పెనుకొండలో నేను సోషల్ టీచర్ని. ఆదివారాలు మాత్రం నల్ల చొక్కా వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని, చుట్టుపక్కల ఎక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగినా రిఫరీగా వెళ్లేవాణ్ణి. పాఠం చెప్పినందుకు జీతం ఇచ్చేవారు, విజిల్ ఊదినందుకు తిట్లు ఇచ్చేవారు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టంగా ఉండేది.

తొంభైల మొదట్లో నేను ఆడిన రోజుల్లో మా వైపు ఎవరూ దొంగగా పడేవారు కాదు. నీతి వల్ల కాదు, నేల వల్ల. మా పెనుకొండ గ్రౌండు కొండ కింద గరుసు నేల. ఒకసారి పడితే మోచేతి తోలు అక్కడే వదిలేసి రావాలి. అలాంటి చోట పెనాల్టీ కోసం ఊరికే పడేంత వెర్రివాడు రొద్దంలోనూ లేడు, రామగిరిలోనూ లేడు. తర్వాత ఇళ్లల్లోకి కలర్ టీవీలు వచ్చాయి. ఒక వేసవిలో ప్రపంచ కప్ చూశాం. పచ్చటి గడ్డి మీద పెద్ద పెద్ద ఆటగాళ్లు, ఎవరూ తాకకుండానే ఎగిరి పడి, మోకాలు పట్టుకుని నాలుగు దొర్లులు దొర్లి, పెనాల్టీ ఇవ్వగానే లేచి పరిగెత్తుతున్నారు. మా పిల్లలకు గోల్ కొట్టడం నేర్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది. ఇది నేర్చుకోవడానికి ఒక నెల చాలింది.

కొన్నాళ్లకు బెంగుళూరు నుంచి వచ్చిన నియమాల పుస్తకంలో, దెబ్బ తగిలినట్టు నటించి రిఫరీని మోసం చేయబోయిన వాడికి పసుపు కార్డు చూపించాలని స్పష్టంగా రాసి ఉంది. అది చదివిన రోజు నాకు కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది. కానీ నటించాడని తేల్చడం ఎలా? దాని గురించి పుస్తకంలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ పని మా విజ్ఞతకు వదిలేశారు. సరే, నా విజ్ఞత సంగతి నేనే చూసుకుంటానని పరిశోధన మొదలుపెట్టాను.

మొదటి ప్రయోగం మా పెరట్లోనే. కావాలని పడి చూశాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి పడేసరికి మా ఆవిడ చేటలో బియ్యంతో బయటికి వచ్చింది.

"ఏమైంది మీకు? ఫిట్స్ గాని వచ్చినాయా?" అంది.

విషయం చెప్పాను. ఆమె తల కొట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కానీ నాకు ఇంకో సగం కావాలి. కావాలని పడితే ఏం జరుగుతుందో తెలిసింది, అనుకోకుండా పడితే ఏం జరుగుతుందో తెలియాలి. అందుకని వెంటబడి బతిమాలాను: ఈ వారంలో ఎప్పుడైనా సరే, నేను ఏమరుపాటుగా ఉన్నప్పుడు వెనక నుంచి తోసెయ్యి అని. ఇన్నేళ్ల కాపురంలో నేను అడిగిన వాటిల్లో ఆమె అంత సంతోషంగా ఒప్పుకున్నది అదొక్కటే. గురువారం పొద్దున సైకిల్ తుడుస్తూ ఉంటే తోసింది. రెండు అరచేతులూ నేలకేసి కొట్టుకుని, మణికట్టు దగ్గర తోలు లేచిపోయింది.

"చాల్నా, ఇంగొకతూరి తోసేదా?" అని అడిగింది.

చాలు. నాకు కావలసింది దొరికింది. అనుకోకుండా పడేవాడి చేతులు వాడి మాట వినవు. మొహాన్ని కాపాడుకోవడానికి వాటంతట అవే ముందుకు పోయి నేలను పట్టుకుంటాయి. కావాలని పడేవాడికి మాత్రం తాను పడుతున్నానని ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు. అందరికీ కనపడాలి కాబట్టి చేతులు పైకి లేపుతాడు. మా పెరట్లో నేను కావాలని పడిన నాలుగుసార్లూ చేతులు పైకే లేచాయని అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఎవడైనా పడి పెనాల్టీ అడిగితే, దగ్గరికి వెళ్లి ముందు "చేతులు చూపియ్యి" అనేవాణ్ణి. అరచేతుల్లో గరుసు గుచ్చుకుని ఉంటే ఫౌల్. శుభ్రంగా ఉంటే కార్డు. కొందరు తెలివైనవాళ్లు నేను వచ్చేలోపు అరచేతులు నేలకేసి రుద్దేవారు. వాళ్లనూ పట్టుకునేవాణ్ణి. రుద్దితే మట్టి అంటుతుంది, పడితే రాయి గుచ్చుకుంటుంది. ఇంకొందరు నేను విజిల్ ఊదగానే, ఏమీ అడగకముందే చేతులు వెనక్కి దాచుకునేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. రెండేళ్లలో హిందూపురం నుంచి ధర్మవరం దాకా నాకు "చేతుల సారు" అని పేరొచ్చింది. దొంగగా పడటాలు సగానికి సగం తగ్గాయి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని నేనే ఊరూరా చాటుకుంటూ తిరిగాను. ఎవరూ నాలుగో కాలు చూపించలేదు.

ఇక అసలు సంగతి. రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానల్లేని ఏడాది, ఊళ్ల జట్ల మధ్య టోర్నమెంట్ జరిగింది. సెమీఫైనల్ మా పెనుకొండలో, ధర్మవరానికీ రామగిరికీ. రిఫరీని నేను. ఫైనల్ ఆ పై ఆదివారం హిందూపురంలో.

ధర్మవరం జట్టులో ఎడమ పక్క ఆడే మనిషి ఒకడున్నాడు. ముప్పై మూడేళ్లు ఉంటాయి. జట్టులో అందరికంటే పెద్దవాడు, కుర్రాళ్లు అన్నా అన్నా అని పిలిచేవారు. పన్నెండేళ్లుగా ఆ జట్టుకే ఆడుతున్నాడు, ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదు. జట్టు ఏనాడూ అంతదాకా రాలేదు. మోకాలు అరిగిపోయిందని, ఈ ఏడాదితో మానేస్తాడని మ్యాచ్‌కు ముందు వాళ్ల గోల్‌కీపర్ నాతో చెప్పాడు. అంతకు ముందు మ్యాచ్‌లో ఈ పెద్దమనిషికి త్రో విషయంలో వాదించినందుకు ఒక పసుపు కార్డు ఉంది. రెండోది పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. అది టోర్నమెంట్ నియమం.

ఒకటి ఒకటి మీద ఆట నడుస్తోంది. అతను బంతి తీసుకుని పెనాల్టీ బాక్సులోకి దూసుకొచ్చాడు. రామగిరి డిఫెండర్ అడ్డుపడ్డాడు. నేను పదిహేను అడుగుల దూరంలో ఉన్నాను, డిఫెండర్ వీపు అడ్డమొచ్చి కాళ్లు కనపడలేదు. చేతులు మాత్రం బాగా కనపడ్డాయి. రెండు చేతులూ తల మీదకు లేచాయి. గాల్లోనే పక్కకు తిరిగి, ఎడమ భుజం మీద పడి దొర్లాడు. నిజం చెప్తున్నాను, ఆ చేతులు పైకి లేవడం చూడగానే నాకు లోపల సంతోషం వేసింది. నా సిద్ధాంతానికి అంత చక్కటి ఉదాహరణ అంతకుముందు దొరకలేదు.

"చేతులు చూపియ్యి" అన్నాను.

చూపించాడు. ఒక్క గీత లేదు. శుభ్రంగా ఉండటమే కాదు, అంత మెత్తటి చేతులు నేను మగవాడికి చూడలేదు. ఏ పనీ చేయని చేతులు అనుకున్నాను.

"పడేటప్పుడు నేలకు చేతులు పెట్టవా నువ్వు?"

అతను నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "నేలకి చేతులు ఏంటికి పెడ్తాం సార్?" అన్నాడు.

ఇంకేం కావాలి? నేరం ఒప్పుకున్నట్టే అనుకుని కార్డు తీశాను. అతను వాదించలేదు. ఎడమ భుజం పట్టుకుని కొంచెం సేపు నిలబడి, ఆటలోకి వెళ్లిపోయాడు. ఆ భుజం వైపు నేను చూడలేదు. చివర్లో వాళ్ల కుర్రాడొకడు హెడ్ చేసి గోల్ కొట్టడంతో ధర్మవరం ఫైనల్‌కు వెళ్లింది, ఇతను లేకుండా.

ఇంటికి వచ్చాక నాకు అన్నం సహించలేదు. తప్పు చేశానని కాదు, అప్పటికి ఆ అనుమానమే లేదు. అతని మొహంలో ఆశ్చర్యం నన్ను వదల్లేదు. దొంగగా పడినవాళ్లను వందమందిని చూశాను. దొరికిపోయాక కోపం నటిస్తారు, నొప్పి నటిస్తారు, దేవుడి మీద ఒట్లు వేస్తారు. ఆశ్చర్యపోయిన వాణ్ణి చూడలేదు. అంత తెలివితక్కువ ప్రశ్న నేనేం అడిగానని? బుధవారం స్కూలుకు సెలవు వచ్చింది. ధర్మవరం వెళ్లి నీకు చీర తెస్తానని చెప్పి, మా ఆవిడ నమ్మలేక చూస్తుండగానే ప్యాసింజర్ రైలెక్కాను.

ఫుట్‌బాల్ ఆడే ఆయన ఇల్లు ఎక్కడని టీ కొట్టులో అడిగితే వెంటనే చెప్పారు. మగ్గాల వీధి. ముందు గదిలోనే రెండు మగ్గాలు, ఒకదాని మీద అతను, ఇంకోదాని మీద ముసలాయన, ఇద్దరూ గుంటల్లో కాళ్లు పెట్టుకుని నేస్తున్నారు. పట్టుచీరలు నేసే ఇల్లని అప్పుడే తెలిసింది నాకు. అతను నన్ను చూసి గతుక్కుమన్నాడు గానీ, వెంటనే లేచి కుర్చీ వేశాడు.

"పెనుకొండ సార్, నాయనా. మా మ్యాచ్‌లకి వస్తాంటారు" అని మాత్రం చెప్పాడు.

ముసలాయన మొహం విప్పారింది. "రాండి సార్, కూచోండి. ఆదివారం నేనూ వస్తాండా హిందూపురానికి. బంతి ఎనకాల తిరిగి మగ్గం చెడగొడ్తాండావని పన్నెండేండ్లు తిట్నా వీన్ని. ఒకతూరన్నా పోయి సూడల్యా. ఈతూరి ఫైనలంట గదా! వీదంతా వ్యాను మాట్లాడినారు" అన్నాడు.

నేను చేతికి పని చెప్పినట్టు, ఆయన మగ్గం మీద ఉన్న చీర మీద చేయి వేశాను. ఎర్రటి పట్టు. నిమిరి చేయి వెనక్కి తీస్తుంటే పట్టు పోగొకటి నా అరచేతికి తగులుకుని లేచి వచ్చింది.

"చేయి తీయండి సార్, చేయి తీయండి!" అని ముసలాయన కంగారుపడ్డాడు. ఆ పోగును గోటి చివరతో మెల్లగా సర్ది, నా అరచేయి తిప్పి చూశాడు. సుద్దముక్కలు పట్టి పట్టి, గరుసు నేల మీద పడి పడి కాయలు కాసిన చేయి. "మీ తప్పు కాదులే. గరుకు చేయి తగిల్తే పట్టు లేస్తాది. అందుకే మా ఇండ్లల్లో చేతుల్ని కండ్లతో సమానంగా సూసుకుంటాం. అరచేతి తోలు లేసిందంటే పది దినాలు మగ్గం ఎక్కేదానికి ల్యా. పిల్లోల్లు నడిచేది నేర్చినప్పట్నించే చెప్తాం. పడితే పడండి, నేలకి చేయి మాత్రం ఆనించొద్దండని. భుజం పోతే పోనీ. భుజంతో నేసేదేమన్నా ఉండాదా?"

నేను అతని వైపు తిరిగాను. తల వంచుకుని నేస్తున్నాడు. నేను లేచి పక్కకు వెళ్లి నిలబడ్డాను. అతను చొక్కా మెడ పక్కకు లాగాడు. ఎడమ భుజం మీద నుంచి మెడ దాకా అరచేయంత మేర తోలు లేచిపోయి, ఎండి నల్లటి పక్కు కట్టి ఉంది. పరిశోధన చేసిన మహానుభావుణ్ణి నేను. ఎక్కడ చూడాలో అక్కడ తప్ప అన్ని చోట్లా చూశాను.

"తప్పు నాదేనప్పా" అన్నాను.

"మీకు తెలీదు గదా సార్" అని, ఆ మగ్గం చప్పుడులో తండ్రికి వినపడకుండా గొంతు తగ్గించాడు. "నాయనకి ఇంగా చెప్పల్యా సార్. ఆదివారం నేను ఆడేది ల్యాదని."

తిట్టి ఉంటే బాగుండేది. "నేను హిందూపురం పోయి మాట్లాడతా. నువ్వు ఆడతావు" అని మాట ఇచ్చి బయటపడ్డాను. చీర సంగతి రైలెక్కాక గుర్తొచ్చింది.

మర్నాడు స్కూలుకు సగం రోజు సెలవు పెట్టి హిందూపురం వెళ్లాను. టోర్నమెంట్ కమిటీకి పెద్ద, బస్టాండు దగ్గర హోటల్ నడిపే ఆయన. తప్పు నాదని, అది నిజమైన ఫౌలని, కార్డు రద్దు చేయమని కాగితం రాసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివి, మడిచి, టీ గ్లాసు కింద పెట్టాడు.

"కార్డు ఒకతూరి పైకి లేస్తే దిగేది ల్యా సార్. రిఫరీ తప్పు సూసినానంటే రద్దు చేసేదానికి రూల్ ల్యా. రేపు ప్రతి జట్టూ వచ్చి నా నెత్తిన కూచుంటాది" అన్నాడు. తర్వాత కొంచెం ముందుకు వంగాడు. "ఒక దానికి మాత్రం రూల్ ఉండాది. ఒకరికి బదులు ఇంగొకరికి పడిందంటే కార్డు అసలు మనిషికి పోతాది. వాళ్ల గోల్‌కీపర్ పొద్దున్నే వచ్చి పోయినాడు. మా అన్న మీద కార్డు తీసి నా మీద రాయండి, నాకు ముందు కార్డేమీ ల్యా అన్నాడు. మీరు గుర్తు తప్పినానని ఒక లైను రాయండి. అంతే. ఆయప్ప ఆడతాడు, నా రూలూ బతుకుతాది."

"ఎదురు గోల్ దగ్గర పడిన మనిషి వాళ్ల గోల్‌కీపరని రాయాల్నా?"

"సదివేది నేనొక్కన్నే గదా సార్" అని పెన్ను నా వైపు తోశాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "నాటకాలాడేవాళ్లకి కార్డులిచ్చే మనిషినప్పా నేను. నాతోనే దొంగ కాగితం రాయిస్తావా?" అన్నాను.

"మీ ఇష్టం" అని ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

బస్సులో సోమందేపల్లి దాకా ఛాతీ విరుచుకునే కూర్చున్నాను. సోమందేపల్లి దాటాక ఛాతీ కొంచెం దిగింది. ఇంటికొచ్చి అంతా చెప్తే మా ఆవిడ శాంతంగా విని, "మీ నిజం మీకి మిగిలింది. ఆయప్పకి ఏం మిగిలింది?" అంది. చీర తేనందుకు అలా అంటోందని నన్ను నేను సమాధానపరచుకున్నాను. ధర్మవరం టీ కొట్టుకు ఫోన్ చేసి, కుదరలేదని అతనికి చెప్పమన్నాను. అతనితో నేరుగా మాట్లాడే ధైర్యం లేకపోయింది.

ఆదివారం ఫైనల్‌కు వేరే రిఫరీ. నేను వెళ్లకుండా ఉండొచ్చు. కానీ నా కాళ్లు ఆగలేదు, హిందూపురం గ్రౌండులో జనం మధ్య గట్టు మీద కూర్చున్నాను. ధర్మవరం వ్యాను వచ్చింది. వీధి వీధంతా దిగింది. అందరికంటే చివర ముసలాయన, ఇస్త్రీ పంచె కట్టుకుని, కొడుకు భుజం మీద చేయి వేసుకుని దిగాడు. కొడుకు కుడి కాలి మడమకు గుడ్డ చుట్టి ఉంది. కుంటుతున్నాడు.

ఒక్క క్షణం నిజమేననుకున్నాను. తర్వాత చూశాను. నాలుగు అడుగులు కుడి కాలు కుంటాడు, కుర్రాళ్లు పలకరిస్తే మర్చిపోయి మామూలుగా నడుస్తాడు, తండ్రి తిరిగి చూస్తే మళ్లీ కుంటుతాడు. ఇన్నేళ్లలో నేను చూసిన అన్ని నటనల్లోకీ అది పరమ చెత్త నటన. ఆ మనిషికి అసలు నటించడం రాదు. నేను కార్డు ఇచ్చింది ఈ మనిషికి.

ముసలాయన నన్ను గుర్తుపట్టి పక్కనే వచ్చి కూర్చున్నాడు. కొడుకు ఆయనకు అటు పక్క కూర్చున్నాడు. జట్లు లోపలికి వెళ్తున్నాయి.

"సూడండి సార్ నా అదృష్టం" అన్నాడు ముసలాయన. "పన్నెండేండ్లకి ఒకతూరి వస్తే వీనికి కాలు బెణికిందంట. రాత్రి దాకా చెప్పనే ల్యా. పెనుకొండలోనే దెబ్బ తగిలిందంట గదా, అంత పెద్ద దెబ్బనా సార్? మీరు ఆడనే ఉంటిరంట గదా?"

కొడుకు గ్రౌండు వైపే చూస్తున్నాడు. అతను ఈ అబద్ధం తన పరువు కోసం ఆడాడా, తండ్రి నన్ను తిట్టకూడదని ఆడాడా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. కమిటీ కాగితం మీద ఒక్క లైను రాయనన్న నోరు నాది. ఆ లైను రాసి ఉంటే అతను ఇప్పుడు లోపల పరిగెత్తుతూ ఉండేవాడు. ముసలాయన నా జవాబు కోసం చూస్తున్నాడు.

"అవును పెద్దాయనా, గట్టిగానే తగిలింది" అన్నాను. "నా కండ్లతో నేనే చూసినా."

కొడుకు తల తిప్పి నా మొహంలోకి చూశాడు. విజిల్ మోగింది. ముసలాయన కొడుకు కాలు తన ఒళ్లోకి తీసుకుని, గుడ్డ విప్పి, ఆట ముగిసేదాకా ఆ మంచి కాలినే మెల్లగా ఒత్తుతూ కూర్చున్నాడు.